బూడిద చెరువు పక్కన మంచినీళ్లను కాపాడుకోవడం ఎలా: బెజవాడ, గుంటూరు వాసులకు సమగ్ర మార్గదర్శి

ప్రకాశం బ్యారేజీకి ఎగువన నిలిచే కృష్ణ నీళ్లే విజయవాడ కుళాయిల్లోకి వస్తాయి. ఉండవల్లి దగ్గర తోడి గుంటూరుకు పంపేవీ ఆ నీళ్లే. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ కాలవలను నమ్ముకునే డెల్టా పొలాలు, ఊరి చెరువులు బతుకుతున్నాయి. ఆ నీటికి ఇంకా పైన, ఇబ్రహీంపట్నంలో డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. పేరు మారి ఏళ్లయినా జనం నోట ఇంకా వీటీపీఎస్సే (విజయవాడ థర్మల్ పవర్ స్టేషన్). 1979లో మొదలైన ఈ కేంద్రంలో 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 800 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. అంటే మొత్తం 2,560 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే, కొన్ని గనుల బొగ్గులో అంతకంటే ఎక్కువ. ఇంత కరెంటు తీస్తే ఎంత బూడిద మిగులుతుందో ఊహించుకోవచ్చు.

కరెంటు అందరికీ కావాలి. ఆ కేంద్రంలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులు, బూడిద లారీల డ్రైవర్లు, ఫ్లై యాష్ ఇటుకలు చేసేవాళ్లు మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లు తాగేదీ ఈ నీళ్లే. కాబట్టి ఈ మార్గదర్శి ప్లాంటు మూయించడం గురించి రాసింది కాదు. ప్లాంటు పక్కన ఉండే ఊరు తన బోరును, చెరువును, వాగును చట్టాన్ని ఆసరాగా చేసుకుని ఎలా కాపాడుకోవచ్చో చెప్పడానికి రాసింది. నా నమ్మకం ఒక్కటే. నీటి గొడవల్లో చివరికి నిలిచేది తేదీ వేసి రాసుకున్న రికార్డు. ధర్నా చేసిన ఊళ్లు చాలా ఉన్నాయి. ధర్నా మర్నాడు అధికారి "ఆధారం ఏది?" అని అడిగితే ఫైలు తీసి బల్ల మీద పెట్టగలిగిన ఊళ్లు తక్కువ. ఆ ఫైలు ఎలా తయారుచేయాలన్నదే ఇక్కడి అసలు విషయం.

నీళ్లు ఏ దారిలో చెడతాయి

మొదట దీని మీద అవగాహన ఉండాలి, లేకపోతే పరీక్షలకు డబ్బు వృథా అవుతుంది.

అన్నింటికంటే పెద్ద దారి బూడిద. బొగ్గు కాలాక మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి, పైపుల్లో బూడిద చెరువుకు తోలడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. బొగ్గులో కొద్దికొద్దిగా ఉండే ఆర్సెనిక్, సెలీనియం, క్రోమియం, సీసం, బోరాన్ లాంటివి బొగ్గు కాలిపోయాక బూడిదలో చిక్కబడతాయి. వాటిలో కొన్ని నీళ్లకు కరుగుతాయి. చెరువు అడుగున ఊట దిగకుండా సరైన పొర లేకపోతే ఆ నీళ్లు భూమిలోకి దిగి, పల్లంలో ఉన్న బోర్ల వైపు నెమ్మదిగా నడుస్తాయి. ఈ నడకకు ఏళ్లు పడుతుంది. అందుకే ఏదో ఒక రోజు హఠాత్తుగా నీళ్లు చెడ్డాయని ఎవరూ చెప్పలేరు, "ఎప్పటి నుంచి?" అన్న ప్రశ్నకు ఊరంతా తలో మాట చెబుతుంది.

ఇంకో దారి వేడి నీళ్లు. యంత్రాలను చల్లబరిచిన నీళ్లను వేడి తగ్గకుండా వదిలితే కాలవలో, నదిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ దెబ్బ ముందు తగిలేది చేపలకు, వాటి మీద బతికే జాలర్లకు. 2015 డిసెంబరు 7న కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, నదిలోంచి తీసుకుని ఒకసారి వాడి వదిలేసే పాత ప్లాంట్లు కూలింగ్ టవర్లు కట్టుకోవాలి, ఒక మెగావాట్ గంట కరెంటుకు 3.5 ఘనపు మీటర్లకు మించి నీళ్లు వాడకూడదు. బొగ్గు నిల్వల మీద పడిన వాన నీళ్లు, నూనెలు, బాయిలర్ కడిగిన రసాయనాలు, పట్టా కప్పని టిప్పర్ల నుంచి రాలి డ్రైనుల్లోకి కొట్టుకుపోయే బూడిద మిగతా దారులు.

కట్ట తెగడం వేరే ప్రమాదం. మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి ప్రాంతంలో 2019 ఆగస్టు నుంచి 2020 ఏప్రిల్ లోపు మూడు ప్లాంట్ల బూడిద చెరువులు తెగాయి. మూడోసారి, 2020 ఏప్రిల్ 10న, ఆరుగురు ప్రాణాలు పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగాక, కుండపోత వాన అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బూడిద చెరువు కట్ట అలాంటి వానకు తట్టుకుంటుందా అని అడగడం ఆ పక్క ఊళ్ల హక్కు.

పటం గీయండి, నోటు పుస్తకం తెరవండి

గ్రామ పటం నకలు వీఆర్వో దగ్గరో, సర్వేయరు దగ్గరో తీసుకోండి. దాని మీద పంచాయతీ బోర్లు, చేతి పంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లిచ్చే బోరు, చెరువులు, వాగులు, బూడిద చెరువు, బూడిద పైపులైను, లారీలు తిరిగే దారి గుర్తించండి. నేల వాలు ఎటు ఉందో బాణం గుర్తు వేయండి. వాన పడితే నీళ్లు ఎటు పారతాయో పశువుల కాపరికి ఇంజినీరు కంటే బాగా తెలుసు, అతన్ని అడగండి. బూడిద చెరువుకు ఎగువన ఉన్న బోరు ఏది, దిగువన ఉన్నవి ఏవి అన్నది ఈ పటంలో తేలాలి. తర్వాత పనంతా ఈ ఎగువ, దిగువ తేడా మీదే నడుస్తుంది.

నోటు పుస్తకం విషయంలో ఆడవాళ్ల మాటకే మొదటి పేజీ ఇవ్వండి. నీళ్లు మోసేది, వండేది వాళ్లు. కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదని, సబ్బు నురగ రావడం లేదని, స్టీలు బిందెకు తెల్లటి పొర పడుతోందని వాళ్లే ముందు గమనిస్తారు. ఇవన్నీ నీళ్లలో ఉప్పులు, గట్టిదనం పెరిగిన గుర్తులు. బూడిద వల్లేనని వీటితో తేలదు, కానీ ఏ బోరు పరీక్షకు పంపాలో తెలుస్తుంది. డ్వాక్రా సంఘం సమావేశంలో పది నిమిషాలు అడిగితే ఊరి నీటి చరిత్ర సగం బయటికొస్తుంది. ఎవరు చెప్పారు, ఏ బోరు, ఏ సంవత్సరం నుంచి, ఏం మారింది అని రాసి, చెప్పినవాళ్ల చేత సంతకమో వేలిముద్రో పెట్టించండి.

ఆ తర్వాత ఎప్పుడు ఏం జరిగినా అదే పుస్తకంలో రాయాలి. వాగులో బూడిద రంగు నీళ్లు వస్తే తేదీ, టైము, ఎంతసేపు వచ్చాయి, ముందు రోజు వాన పడిందా లేదా రాయండి. ఫోనులో లొకేషన్, తేదీ ఫొటో మీదే పడే కెమెరా యాప్‌తో తీయండి. తీసిన ఒరిజినల్ ఫొటో ఫోనులోంచి చెరపకండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీలో తీసిన టైము, చోటు వివరాలు మిగలవు. ఇంకో మాట, ఫొటోల కోసం బూడిద చెరువులోకి దిగొద్దు, కట్ట ఎక్కొద్దు. పైన ఎండి గట్టిగా కనిపించే బూడిద కింద ఊబిలా ఉంటుంది. పైగా ప్రహరీ దాటి లోపలికి వెళ్తే కేసు మన మీదే పడుతుంది. రోడ్డు మీద నుంచి, మన పొలంలో నుంచి తీసినవి చాలు.

పది మంది కలిసే చోట

సంఘం పెట్టడానికి హడావిడి వద్దు. రిజిస్ట్రేషన్, బ్యానరు, అధ్యక్షుడు అన్నవి తర్వాత. ముందు పనులు పంచుకోండి. ఒకరు నోటు పుస్తకం చూస్తారు, ఒకరు శాంపిళ్లు, ఒకరు అర్జీలు, ఒకరు డబ్బు లెక్క. ప్రతి పనికీ ఇద్దరిని పెట్టండి, ఒకరికి ఉద్యోగం ఎక్కడో వస్తే పని ఆగకూడదు. డబ్బు లెక్క ప్రతి నెలా రచ్చబండ దగ్గర చదివి వినిపించండి. ఊళ్లో ఉద్యమాలు ప్లాంటు వల్ల కంటే డబ్బు అనుమానాల వల్లే ఎక్కువ విరిగిపోతాయి.

పార్టీల వాళ్లను రానివ్వాలా అని చాలామంది అడుగుతారు. అందరినీ రానివ్వండి, జెండా మాత్రం ఎవరిదీ వద్దు. ఊళ్లో రెండు పార్టీల వాళ్లూ ఒకే అర్జీ మీద సంతకం పెడితే మండలాఫీసులో దాన్ని పక్కన పడేయడం కష్టం.

సుభాష్ కుమార్ కేసు కథ ఇక్కడే తెలుసుకోవాలి. శుభ్రమైన నీరు, గాలి అనుభవించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో ఈ కేసులోనే చెప్పింది. బొకారో నదిలోకి బొగ్గు కడిగిన బురద వదులుతున్నారన్నది ఫిర్యాదు. దేశమంతా ఈ తీర్పును గొప్పగా చెప్పుకుంటుంది. అయితే ఆ పిటిషన్ వేసినాయన మాత్రం ఓడిపోయాడు. ఆయనకు ఆ బురద కొనుక్కునే సొంత వ్యాపార ప్రయోజనం ఉందని, అది ప్రజాప్రయోజనం కాదని కోర్టు కొట్టేసింది. కాబట్టి మీ బృందంలో ఎవరికైనా బూడిద కాంట్రాక్టు, లారీ టెండరు, నీళ్ల ట్యాంకర్ల వ్యాపారం ఉంటే, అర్జీల మీద వాళ్ల సంతకం ముందు ఉండకూడదు.

శాంపిల్ పట్టడం

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, అందుకని వివరంగా చెబుతాను.

మొదట ఊళ్లోనే ఉన్న సదుపాయం వాడుకోండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్షించడం నేర్పించాలన్నది ప్రభుత్వ పథకమే. ఆ కిట్‌తో పీహెచ్, గట్టిదనం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము లాంటివి తెలుస్తాయి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో తక్కువ రుసుముకు జనం కూడా పరీక్ష చేయించుకోవచ్చు. వీటితో ఊరంతా ఒకసారి జల్లెడ పట్టినట్టు చూసి, అనుమానం ఉన్న బోర్లు నాలుగైదు తేల్చుకోండి. వాటిని మాత్రం ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల పరీక్షలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ ఉంటే సరిపోదు, మీరు అడిగే ఒక్కో పరీక్షకూ ఆ గుర్తింపు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. డబ్బు ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఏ పరీక్షలు చేయించాలి? బూడిద నీళ్ల జాడ తెలియాలంటే బోరాన్, సల్ఫేటు తప్పనిసరి. ఈ రెండూ నీళ్లతో పాటు త్వరగా కదులుతాయి, అందుకే బూడిద ఊట వస్తోందని ముందుగా చెప్పేవి ఇవే. వీటితో పాటు కాల్షియం, క్లోరైడు, ఫ్లోరైడు, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం ఉప్పుల లెక్క), పీహెచ్ చూడండి. ఆరోగ్యానికి సంబంధించి ఆర్సెనిక్, సెలీనియం, సీసం, క్రోమియం, కాడ్మియం అడగండి. నైట్రేటు, కోలీఫాం బ్యాక్టీరియా కూడా చేయించండి. ఎందుకంటే ఇవి ఎక్కువగా ఉండి బోరాన్, సల్ఫేటు మామూలుగా ఉంటే, మీ బోరును చెడగొట్టింది మురుగునీళ్లో పెంటకుప్పలో అయి ఉండొచ్చు. అప్పుడు అడగాల్సింది పంచాయతీని, ప్లాంటును కాదు. నిజం ఎటు చూపిస్తే అటు వెళ్లడానికి సిద్ధపడే బృందానికే నాలుగు కాలాల పాటు విలువ ఉంటుంది.

తాగునీటికి ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటారు. సల్ఫేటుకు 200, వేరే దారి లేకపోతే 400. ఫ్లోరైడుకు 1, గరిష్ఠంగా 1.5. నైట్రేటుకు 45. సీసం, సెలీనియం ఒక్కోటీ 0.01 మిల్లీగ్రాము, మొత్తం క్రోమియం 0.05, కాడ్మియం 0.003. ఆర్సెనిక్ 0.01 దాటకూడదు. బజారులో దొరికే పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉప్పులెంతో చెబుతుంది గానీ ఆర్సెనిక్‌ను చూడలేదు. మీటరులో అంకె తక్కువ ఉందని నీళ్లు మంచివని అనుకోవద్దు. అలాగే కాచి తాగితే క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ లోహాలు ఇంకా చిక్కబడతాయి. ఈ సంగతి పిల్లలున్న ప్రతి ఇంట్లో చెప్పాలి.

బోరు నీళ్లు పట్టే ముందు మోటారు పది నిమిషాలు ఆడించండి, పైపులో నిలవ ఉన్న నీళ్లు పోవాలి. సీసాలు ల్యాబువాళ్లే ఇచ్చినవి వాడండి. లోహాల సీసాలో వాళ్లు ముందే కొద్దిగా నైట్రిక్ యాసిడ్ వేసి ఇస్తారు, దాన్ని కడగొద్దు, ఒలకనివ్వద్దు, చేతికి తగలనివ్వద్దు. యాసిడ్ లేని సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి పట్టండి. బ్యాక్టీరియా సీసా స్టెరైల్ చేసింది, తొలవకూడదు, మూత లోపలి వైపు వేలు తగలకూడదు, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబులో ఇవ్వాలి. ప్రతి సీసా మీద నంబరు, చోటు, తేదీ, టైము రాసి, పట్టినవారి పేరు, చూసిన ఇద్దరి పేర్లు ఒక కాగితం మీద రాయండి. సీసా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందో ల్యాబు దాకా ఆ కాగితంలో సంతకాలుండాలి. వీలైతే పంచాయతీ కార్యదర్శి ముందే పట్టండి.

ఎగువ బోరు ఒకటి, దిగువ బోర్లు రెండు మూడు, వాగు నీళ్లు ఒకటి. వేసవి చివర ఒకసారి, వానలు వెళ్లాక నవంబరులో ఒకసారి. రెండుసార్లూ అవే బోర్లు, అదే ల్యాబు. ఎగువ బోరులో లేనిది దిగువ బోరులో కనిపిస్తే, రెండు రుతువుల్లోనూ కనిపిస్తే, అప్పుడు మీ మాటకు బలం వస్తుంది. ఒక్క రిపోర్టు పట్టుకుని ప్రెస్‌మీట్ పెడితే, మర్నాడు ఇంకో ల్యాబు రిపోర్టుతో ఎదుటివాళ్లు దాన్ని కొట్టేస్తారు.

వాళ్ల కాగితాలు బయటికి తీయడం

సొంత పరీక్షల కంటే ప్లాంటు ఇచ్చిన లెక్కలే ఒక్కోసారి ఎక్కువ పనికొస్తాయి. ఏ ప్లాంటైనా కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నిర్వహణ అనుమతి తీసుకోవాలి, మన రాష్ట్రంలో దాన్ని సీఎఫ్‌ఓ అంటారు. ఎన్ని నీళ్లు వాడాలి, ఎక్కడ వదలాలి, అందులో ఏది ఎంత ఉండాలి అన్న షరతులన్నీ అందులో ఉంటాయి. ప్రతి షరతూ ఊరికి ఒక ప్రశ్న. పర్యావరణ అనుమతి ఉన్న ప్లాంటు ప్రతి ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలు మీద అర్ధవార్షిక నివేదిక ఇవ్వాలి. సెప్టెంబరు 30 లోపు ఫారం 5లో పర్యావరణ ప్రకటన ఇవ్వాలి. వీటిలో కొన్ని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లోనే దొరుకుతాయి. దొరకనివి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఇబ్రహీంపట్నం ప్లాంటును నడిపే ఏపీ జెన్‌కో ప్రభుత్వ సంస్థ కాబట్టి నేరుగా దాన్నే అడగొచ్చు. ప్రైవేటు ప్లాంటు అయితే మండలిని అడగాలి.

అర్జీలో "ఎందుకు కాలుష్యం చేస్తున్నారు?" అని అడిగితే జవాబు రాదు. ఆ చట్టం కింద వాళ్ల దగ్గర ఉన్న కాగితం మాత్రమే అడగగలం. ఇలా రాయండి:

"1. ప్రస్తుతం అమల్లో ఉన్న సీఎఫ్‌ఓ, షరతులతో సహా నకలు. 2. గత మూడేళ్లలో బూడిద చెరువు నుంచి బయటికి వదిలిన నీటి పరీక్షల ఫలితాలు. 3. బూడిద చెరువు చుట్టూ ఉన్న పరిశీలక బోర్ల చోటు వివరాలు, గత మూడేళ్ల ఫలితాలు. 4. గత మూడేళ్ల ఫారం 5 ప్రకటనలు. 5. ఏటా తయారైన బూడిద, వాడిన బూడిద, నిల్వ ఉన్న బూడిద టన్నుల్లో. 6. బూడిద చెరువు కట్ట భద్రతపై జరిగిన తనిఖీల నివేదికలు. 7. మండలి అధికారులు చేసిన తనిఖీల నివేదికలు, ఇచ్చిన షోకాజ్ నోటీసులు, ఆదేశాల నకళ్లు."

రుసుము పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఉచితం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో అదే సంస్థలోని అప్పీలు అధికారికి, అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు. ఈ చట్టంలో చాలామందికి తెలియని హక్కు ఇంకోటి ఉంది. ఫైళ్లు, పనులు స్వయంగా వెళ్లి చూడటం, పదార్థాల శాంపిళ్లు తీసుకోవడం కూడా సమాచార హక్కులో భాగమే. వందల పేజీల ఫైలైతే నకళ్లకు డబ్బు పోయకుండా, చూడటానికి అనుమతి అడిగి, కావలసిన పేజీలే తీసుకోండి.

బూడిద లెక్క ఎందుకు అడగాలంటే, 2021 డిసెంబరు 31న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్లాంట్లు తమ బూడిదను నూటికి నూరు శాతం వాడకంలోకి తేవాలి. వాడని ప్రతి టన్నుకూ వెయ్యి రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలి. ఏళ్లుగా చెరువులో పేరుకున్న పాత బూడిదకు కూడా గడువు ఉంది. బూడిద చెరువులోంచి నేలలోకి దిగే ఊటను ఆపడానికి శాశ్వతమైన మందు ఆ చెరువులో బూడిద తగ్గడమే. మీ డిమాండ్లలో ఇది ముందుండాలి.

మండలికి ఫిర్యాదు

విజయవాడలో కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం, ప్రాంతీయ కార్యాలయం రెండూ ఉన్నాయి. మిగతా జిల్లాల వాళ్లకు లేని సౌకర్యం ఇది. వెళ్లి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

1974 నీటి చట్టం ప్రకారం కోర్టులో చెల్లే శాంపిల్ మండలి అధికారి పట్టిందే. 21వ సెక్షన్‌లో పద్ధతి ఉంది, ముందు నోటీసు ఇచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి సంతకాలు తీసుకోవాలి. మనం పట్టిన శాంపిల్ అధికారిని కదిలించడానికి మాత్రమే. అందుకే ఫిర్యాదులో "చర్య తీసుకోండి" అని వదిలేయకుండా ఇలా రాయండి:

"మా గ్రామంలోని ఫలానా పంచాయతీ బోరు నీటిలో ఫలానా తేదీన ఫలానా ల్యాబు పరీక్షలో సల్ఫేటు ఇంత, బోరాన్ ఇంత ఉన్నట్టు తేలింది. ఎగువన ఉన్న ఫలానా బోరులో అవి ఇంత మాత్రమే. రిపోర్టులు, పటం జతచేశాము. నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం బూడిద చెరువు నుంచి బయటికి వచ్చే నీటి శాంపిళ్లు, మా బోర్ల శాంపిళ్లు గ్రామస్థుల సమక్షంలో తీసి పరీక్షించాలని, ఫలితాల నకలు మాకు ఇవ్వాలని, ఫలితం తేలే వరకు ఫలానా వీధులకు వేరే తాగునీరు సరఫరా చేయించాలని కోరుతున్నాము."

అడిగేది ఇంత స్పష్టంగా ఉంటే ఎవరైనా అవుననో కాదనో చెప్పక తప్పదు. అవసరమైతే ప్లాంటుకు ఆదేశాలివ్వడానికి, నీళ్లు, కరెంటు ఆపించడానికి కూడా 33ఏ సెక్షన్ మండలికి అధికారం ఇస్తుంది. బూడిద చెరువు నుంచి వదిలే నీటిలో తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. వాగు నీళ్లు తెల్లగా, బూడిద రంగులో కనిపించిన రోజు మొదట పట్టుకోవాల్సిన షరతు ఇదే.

అదే ఫిర్యాదు నకలు కలెక్టరుకు, ఆర్డీవోకు, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరు నోటు పుస్తకంలో ఎక్కించండి. గ్రామసభలో తీర్మానం చేయించి, దాని నకలు ప్రతి అర్జీకీ జతచేయండి. ఒక్క మనిషి అర్జీకీ, గ్రామసభ తీర్మానానికీ బరువులో చాలా తేడా ఉంటుంది.

ప్రజాభిప్రాయ సేకరణ వచ్చిందంటే

ప్లాంటు విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైతే, పర్యావరణ ప్రభావ అంచనాపై వచ్చిన 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభలో వచ్చిన ప్రశ్నలు, అభ్యంతరాలు, వాటికి జవాబులు రాసి, అదే రోజు స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. సభంతా వీడియో తీయాలి. సభకు వెళ్లే ముందు మీ పటం పట్టుకుని నివేదికలో మీ ఊరి బోర్లు, వాగు ఉన్నాయో లేవో చూడండి. చాలా నివేదికల్లో వాగు పేరే ఉండదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటుకు ఇచ్చిన బీల నేలను బంజరుగా చూపించారు. అది నీళ్లు నిలిచే, చేపలు, పంటలు, పక్షులు బతికే తంపర నేల అని జనం చూపించగలిగారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఆ ప్రాణాలను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నివేదిక రాసేవాళ్లు మొదటే నేలను నేలగా చూసి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

మైకు దొరకకపోవచ్చు, రెండు నిమిషాల్లో ఆపేయొచ్చు. అందుకే రాతపూర్వక అభ్యంతరం వెంట తీసుకెళ్లి రసీదు తీసుకోండి.

హరిత ట్రిబ్యునల్

మండలి కదలకపోతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, అంటే చెన్నైలోని దాని దక్షిణ బెంచికి వెళ్లొచ్చు. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలు. లాయరు లేకుండా సొంతంగా వాదించుకోవచ్చు, అయినా పర్యావరణ కేసులు తెలిసిన లాయరును ఒకసారి కలవడం మంచిది. గడువు చాలా ముఖ్యం. ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద వివాదం మొదటిసారి తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. పరిహారం, నష్టం పూడ్చడం గురించి 15వ సెక్షన్ కింద అయితే ఐదేళ్లు. పర్యావరణ అనుమతిని సవాలు చేసే అప్పీలుకు 30 రోజులే, కారణం చూపిస్తే ఇంకో 60. మండలి చుట్టూ తిరుగుతూ ఆరు నెలలు దాటించుకున్న ఊళ్లకు ఆ తలుపు సగం మూసుకుపోతుంది. ఫిర్యాదు ఇచ్చిన రోజే క్యాలెండరులో గడువు రాసుకోండి.

ట్రిబ్యునల్ చాలాసార్లు కలెక్టరు, మండలి అధికారులతో సంయుక్త కమిటీ వేస్తుంది. ఆ కమిటీ ఊరికి వచ్చిన రోజు అన్నింటికంటే ముఖ్యమైనది. ఎక్కడ శాంపిల్ తీయాలో మీ పటం చూపించి అడగండి. మీ ఎగువ, దిగువ బోర్లన్నీ వాళ్ల జాబితాలో ఉండాలి. ఇక్కడ మన రాష్ట్రానికి సంబంధించిన తీర్పు ఒకటి అండగా ఉంది. హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర ఒక ఫ్యాక్టరీ విషయంలో, 1999లో ఏపీ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు, తమ పని వల్ల హాని లేదని నిరూపించుకోవాల్సింది పరిశ్రమేనని చెప్పింది.

దారి తప్పించే విషయాలు

మొదటిది ఆర్వో ప్లాంటు. గొడవ పెద్దదయ్యాక ఊళ్లో ఒక వాటర్ ప్లాంటు కట్టించి, రెండు రూపాయలకు బిందె నీళ్లిస్తే సమస్య తీరినట్టు మాట్లాడతారు. తాగే నీళ్లకు అది తాత్కాలికంగా మంచిదే, పిల్లల కోసం తీసుకోండి. కానీ అన్నం వండే నీళ్లు, గేదెలు తాగే నీళ్లు, కూరగాయ మడికి పెట్టే నీళ్లు ఆ బోరువే. అందుకే "తాత్కాలిక ఏర్పాటుగా స్వీకరిస్తున్నాము, ఫిర్యాదులు ఉపసంహరించుకోవడం లేదు" అని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఆర్వో ప్లాంటు నుంచి వదిలేసే ఉప్పునీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి.

ర్యాలీ, నిరసన చేస్తే పోలీసులకు ముందుగా రాసి ఇవ్వండి. మన దగ్గర పోలీసు చట్టం 30వ సెక్షన్, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 163 (పాత 144వ సెక్షన్) కింద ఆంక్షలు తరచుగా పెడతారు. ఆంక్షలు ఉన్న రోజు ఊరేగింపు మాని, పది మంది వెళ్లి అర్జీ ఇచ్చి రావచ్చు. ఒక్క కేసు నమోదైతే కుర్రాళ్లు పాస్‌పోర్టుల కోసం, ఉద్యోగాల కోసం ఏళ్లు తిరగాల్సి వస్తుంది. ఆ భారం వాళ్ల మీద పడకుండా చూడటం పెద్దల బాధ్యత.

విలేకరులతో మాట్లాడేటప్పుడు "విషం తాగిస్తున్నారు" అనొద్దు. "ఫలానా ల్యాబు రిపోర్టులో ఇంత ఉంది, ఉండాల్సింది ఇంత" అనండి. పరువు నష్టం నోటీసు వచ్చినా ఆ మాట నిలుస్తుంది. క్యాన్సర్లు, కిడ్నీ జబ్బులు నీళ్ల వల్లేనని పరీక్షలు లేకుండా ప్రకటించొద్దు. ఆరోగ్య కేంద్రం చేత వీధుల వారీగా ఆరోగ్య సర్వే చేయించమని అర్జీలో అడగండి.

ఆదేశం వచ్చాక

మండలి ఆదేశం ఇచ్చినా, ట్రిబ్యునల్ తీర్పు చెప్పినా అమలు చూసుకోవాల్సింది ఊరే. ప్రతి షరతుకూ గడువు రాసి, అది దాటగానే సమాచార హక్కు కింద అమలు నివేదిక అడగండి. జూన్, డిసెంబరు నివేదికలు రాగానే తీసి, మీ బోర్ల ఫలితాల పక్కన పెట్టి చూడండి. మే చివర, నవంబరులో శాంపిళ్లు పట్టడం మానొద్దు. భూగర్భ జలాలు చెడటానికి ఏళ్లు పట్టినట్టే బాగుపడటానికీ ఏళ్లు పడుతుంది, మధ్యలో ఆగితే ఏది మారిందో తెలియదు. పటం, నోటు పుస్తకం, ల్యాబు రిపోర్టులు, రసీదులు అన్నీ స్కాన్ చేసి ముగ్గురి దగ్గర ఉంచండి. ఒరిజినళ్లు పంచాయతీ ఆఫీసులో కాకుండా బృందం దగ్గరే ఉండాలి. హైస్కూలు సైన్సు మాస్టారితో మాట్లాడి, నవంబరు శాంపిళ్లకు తొమ్మిదో తరగతి పిల్లలను వెంట తీసుకెళ్లండి. నాలుగేళ్లు పోయాక ఆ పుస్తకంలో రాయాల్సింది వాళ్లే.